పెన్‌డ్రైవ్‌కు గడియారం లేదు

"గంట టైమిస్తున్నాను, సెహామ్ మేడం. సరిగ్గా రెండింటికి కాగితాలు ప్రాసిక్యూటర్ బల్ల మీద ఉంటాయి. ముందు నాలుగు రోజుల రిమాండ్. ఆ తర్వాత పదిహేను, ఇంకో పదిహేను. ఈలోపు మీరిక్కడ ఎన్ని తీగలు పీక్కున్నా నాకేం అభ్యంతరం లేదు."

మేజర్ ఫిక్రీ దహ్‌షాన్ ఈ మాటలు చనిపోయిన మనిషి కుర్చీలో కూర్చుని అన్నాడు. నిన్న సాయంత్రం ఏడూ ఇరవైకి పని మనిషి తలుపు తీసేసరికి లాయర్ మామూన్ షల్బీ ఆ కుర్చీ పక్కనే నేల మీద పడి ఉన్నాడు. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. కొట్టింది బల్ల మీది ఇత్తడి పేపర్ వెయిట్‌తో. తివాచీ మీద మరక ఇంకా ఉంది. మేజర్ బూటు దానికి జానెడు దూరంలో ఊగుతోంది.

సెహామ్ వహ్దాన్ ఆ బూటు వంక ఒకసారి చూసి ఊరుకుంది. న్యాయశాఖలో కంప్యూటర్లు పరిశీలించే నిపుణురాలిగా ఇరవై రెండేళ్లు పనిచేసిన మీదట, కొందరికి కోపం చూపడం కూడా వాళ్లను గౌరవించడమేనని ఆమెకు అర్థమైంది.

మామూన్ కంప్యూటర్ తెర మీద నీలిరంగు వెలుగుతోంది. మధ్యలో తెల్లటి అక్షరాలతో ఒక ప్రశ్న. 'మీరు ఏ దేశంలో ఉన్నారు?' కొత్తగా విండోస్ ఎక్కించాక అది మొట్టమొదట అడిగే మాట. మామూన్ ముప్పై ఏళ్ల వకాల్తాలు, వాదనలు, ఉత్తరాలు అన్నీ చెరిపేసి, ఏమీ ఎరగనట్టు దేశం పేరు అడుగుతోంది. దానికి గుచ్చి ఉన్న, పాతది చెరిపి కొత్త విండోస్ ఎక్కించే బూటబుల్ పెన్‌డ్రైవ్ ఇప్పుడు సెహామ్ చేతిలో, ప్లాస్టిక్ సంచీలో ఉంది.

గోడ పక్కన బెంచీ మీద బిషోయ్ లామీ కూర్చున్నాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి. చేతులకు బేడీలు. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆయనది. రాత్రి పది నుంచి పోలీసుల దగ్గరే ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డవాడు రుష్దీ అజ్జామ్, మామూన్ దగ్గర ఆరేళ్లుగా జూనియర్. నల్ల టై కట్టుకుని వచ్చాడు. ఎడమ బుగ్గ కొంచెం వాచి ఉంది.

"మీ కేసు చెప్పండి, మేజర్ గారూ. క్లుప్తంగా," అంది సెహామ్.

"క్లుప్తంగానే చెబుతాను, ఇందులో పొడుగు లేదు." మేజర్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "పెన్‌డ్రైవ్ తెరిస్తే కనిపించే పేరేమిటి? 'నూర్ కంప్యూటర్స్'. ఈ ఇంజినీరు గారి కొట్టు పేరు. అందులోకి ఫైళ్లు ఎప్పుడు చేరాయి? నిన్న నాలుగూ పది నుంచి నాలుగూ ముప్పై ఒకటి దాకా. అది నేనన్నది కాదు, పెన్‌డ్రైవే అంటోంది. ఆ టైములో ఈ భవనంలో కరెంటు లేదు. మూడు నుంచి ఐదు దాకా కోత. కాబట్టి ఇక్కడ తయారు కాలేదు. ఈయన వీధిలో కోత ఐదు నుంచి ఏడు. అంటే నాలుగింటికి ఈయన కొట్టులో కరెంటు శుభ్రంగా ఉంది. చాలా, ఇంకా కావాలా?"

"చంపడానికి కారణం?"

"కొట్టు ఖాళీ చేయించమని ఇంటివాడు కేసు వేశాడు. ఇంటివాడి లాయరు మామూన్. పోయిన వారం ఈ గుమ్మంలోనే ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. ఐదు తర్వాత ఎక్కడున్నావురా అంటే, చీకట్లో షట్టరు దించుకుని ఒంటరిగా కూర్చున్నానంటాడు. మామూన్ ఐదూ రెండుకు ఫోన్ మాట్లాడాడు, అంటే అప్పటికి బతికే ఉన్నాడు. ఇంజినీరు నాలుగింటికి సరంజామా సిద్ధం చేసుకున్నాడు, ఐదు దాటాక వచ్చాడు, కొట్టాడు, తన కేసు ఫైలు దొరక్కుండా మొత్తం తుడిచేశాడు."

"ఐదూ రెండుకు ఎవరితో మాట్లాడాడు?"

"లాయర్ల సంఘం ఆఫీసుతో. సాటి లాయరు మీద ఫిర్యాదు చేయాలంటే ఏ కాగితం పెట్టాలని అడిగాడట. పేరు చెప్పలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు."

సంబంధం లేదని తేల్చడానికి మేజర్‌కు ఒక క్షణం కూడా పట్టలేదు. సెహామ్ బిషోయ్ వైపు తిరిగింది.

"పెన్‌డ్రైవ్ మీదా?"

"పెన్‌డ్రైవ్ నాది కాదు మేడం. అందులో ఉన్న విండోస్ కాపీ నాది. నాలుగేళ్ల కిందట తయారు చేసుకున్నాను, కొట్టు పేరు పెట్టుకున్నాను. ఎవరి మెషీన్ బాగుచేసినా దాని డి డ్రైవ్‌లో ఒక కాపీ వదిలేసి వస్తాను. మళ్లీ చెడిపోతే ఇంటి నుంచి మోసుకెళ్లక్కర్లేదు కదా. మన ఇస్కందరియా ఊళ్లో సగం మంది దగ్గర నా పేరుంటుంది."

"విన్నారా!" మేజర్ నవ్వాడు. "అయితే ఇస్కందరియాలో సగం మంది కలిసి చంపారన్నమాట. అందరికీ బేడీలు తెప్పించమంటారా?"

"బాషా, నేను చెప్పేది..." అన్నాడు బిషోయ్, పోలీసు అధికారులను అక్కడ పిలిచే గౌరవ పిలుపుతో.

"నిన్నెవరూ అడగలేదు. బూటబుల్ చేయడమంటే మామూలు మనుషుల వల్ల అయ్యే పనా? మా స్టేషన్లో పదిహేను మందిమి ఉన్నాం, ఒక్కడికి రాదు."

"దాన్ని మీరు రుజువు కింద కాగితాల్లో రాశారా?" అని అడిగింది సెహామ్.

మేజర్ నవ్వు ఆగింది. బిషోయ్ తల వంచుకుని అన్నాడు. "అందులో విద్యేమీ లేదు మేడం. కాపీ ఒకటి, చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటే చాలు. పెన్‌డ్రైవ్ గుచ్చాలి, స్టార్ట్ నొక్కాలి. 'దీనిలో ఉన్నవన్నీ పోతాయి, సరేనా?' అని అడుగుతుంది. సరే అనాలి. ఆకుపచ్చ గీత నిండేదాకా కూర్చోవాలి. పాత మెషీన్ అయితే ఇరవై నిమిషాలు."

"మీరు చూసి నేర్చుకున్నారా, మెత్ర్?" సెహామ్ అకస్మాత్తుగా కిటికీ వైపు తిరిగింది. ఆ ఊళ్లో లాయర్లను అందరూ పిలిచే పిలుపు అది. ఆమె నోట మాత్రం గౌరవం లేకుండా వచ్చింది.

రుష్దీ ఉలిక్కిపడలేదు. "నేనా? నాకు టైపు చేయడం, ప్రింటు తీయడం తప్ప ఏమీ రాదు మేడం. నిన్న మూడూ నలభై ఐదు నుంచి నాలుగూ యాభై దాకా పళ్ల డాక్టరు దగ్గరున్నాను. రసీదు మేజర్ గారికిచ్చాను. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి పోయాను. నోరు తెరవలేని స్థితి."

"ఇప్పుడు బాగానే తెరుస్తున్నారు."

"మేడం!" అన్నాడు మేజర్. "ఆయన తండ్రిలాంటి గురువును పోగొట్టుకున్నాడు."

"పక్క గదిలో ఉన్న కంప్యూటర్ మీదేనా?"

"నాదే. పాతది. ఇంటర్నెట్ కూడా లేదు దానికి." రుష్దీ టై సవరించుకున్నాడు. "మేజర్ గారూ, మీరు సెలవిస్తే... ఖననం అనుమతికి లాయరు గారి భార్య మేడం ఫౌకియ్యా గుర్తింపు కార్డు కావాలన్నారు. ఆవిడ ఒక్కర్తే ఉంది ఇంట్లో. నేను వెళ్లి పట్టుకొస్తాను."

"వెళ్లండి మెత్ర్, వెళ్లండి. కింద నా కారుంది, డ్రైవరుకు చెప్పండి దింపుతాడు." మేజర్ సెహామ్ వైపు తిరిగి, తానెంత మర్యాదస్తుడో చూడమన్నట్టు ముఖం పెట్టాడు.

రుష్దీ వెళ్లిపోయాడు. ఒంటిగంటా ఎనిమిది.

సెహామ్ గది గుమ్మంలోకి వచ్చి కాపలాదారు మహ్రూస్‌ను పిలిపించింది. ముసలాయన మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. చేతిలో కరెంటు కోతల కాగితం ఉంది, గేటు మీద అంటించేది.

"బాబాయ్, నిన్న సాయంత్రం ఎవరెవరు పైకొచ్చారు?"

"మేజర్ సారుకు చెప్పానుగా అమ్మా. ఎవర్నీ చూళ్లేదు. చూసుంటే చెప్పనా?"

"గేటు దగ్గరే ఉన్నావా?"

"గేటు దగ్గర కాకపోతే ఎక్కడుంటాను? కరెంటు రాగానే మాత్రం డాబా మీదికి పోయాను. నీళ్ల మోటారు దానంతటది తిరగదు, చేత్తో వేయాలి. వేసి, ట్యాంకు నిండేదాకా అక్కడే కూర్చున్నాను. మూడో అంతస్తు ఆవిడ నీళ్లు రాకపోతే నన్ను తిట్టే తిట్లు మీరు వినలేదు."

"కరెంటు ఎన్నింటికొచ్చింది?"

"నాలుగింటికి."

"కాగితంలో ఐదని ఉందే?"

మహ్రూస్ ఆమె వైపు జాలిగా చూశాడు. "మీరడిగేది ఏ టైమమ్మా? పాతదా, కొత్తదా? కాగితం ప్రభుత్వానిది. వాళ్లు ఏప్రిల్లో గడియారం ముల్లు గంట ముందుకు తిప్పమంటారు, అక్టోబర్లో వెనక్కి తిప్పమంటారు. మధ్యలో ఏడేళ్లు అసలు వద్దన్నారు. మళ్లీ కావాలన్నారు. వాళ్లతోపాటు తిరగడానికి నా గడియారం ఏమైనా గానుగెద్దా? నాది దేవుడు పెట్టిన టైము. మీ ఐదే నాకు నాలుగు."

మేజర్ లోపల్నించి అరిచాడు. "ఆ ముసలాడితో కబుర్లెందుకు మేడం? టైమైపోతోంది!"

సెహామ్ సంచీలోని పెన్‌డ్రైవ్‌ను ఒకసారి వెలుతురుకేసి పట్టి చూసింది. మహ్రూస్ భుజం మీద చెయ్యి వేసి, "నీ గడియారం నిక్షేపంగా ఉంది బాబాయ్," అంది. తర్వాత పక్క గదిలోకి నడిచింది.

చిన్న గది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఫైళ్ల బీరువా. బల్ల మీద ఎత్తుగా పాత కంప్యూటర్. పైన దుమ్ము పేరుకుని ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చే చోట మాత్రం దుమ్ము లేదు, వేలి వెడల్పున తుడిచినట్టుంది. ఆమె చేతి తొడుగులు వేసుకుని బటన్ నొక్కింది. మేజర్ వచ్చి ద్వారానికి ఆనుకున్నాడు. వెనకాలే కానిస్టేబుల్, బేడీలతో బిషోయ్.

తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది. పైన పెద్ద అంకెలతో టైము.

"చదవండి, మేజర్ గారూ."

"ఏమిటి?"

"తెర మీద టైమెంతో చదవండి. అంకెలే."

"పన్నెండూ పంతొమ్మిది."

"మీ చేతి గడియారం?"

మేజర్ మణికట్టు తిప్పి చూసుకున్నాడు. ఒంటిగంటా పంతొమ్మిది. "అయితే? గడియారం తప్పు. పాత డొక్కు."

"తప్పు కాదు బాషా," బిషోయ్ గబుక్కున అన్నాడు. భయం మరిచిపోయి ముందుకొచ్చాడు. "నా కాపీయే! నాలుగేళ్ల కిందటిది. అప్పుడు మన దేశంలో వేసవికి గంట ముందుకు తిప్పే పద్ధతి లేదు కదా. ఇంటర్నెట్ ఉన్న మెషీన్లు తర్వాత నేర్చుకున్నాయి. దీనికి ఎవరూ చెప్పలేదు. ఎండాకాలమంతా గంట వెనకే నడుస్తుంది. కొట్టుకు వచ్చే వాళ్లందరూ ఇదే గోల."

"మీ కొట్టులో మెషీన్?"

"దానికి ఇంటర్నెట్ ఉంది. ఈ దేశం టైము దానికి తెలుసు."

"కూర్చోండి మేజర్ గారూ," అంది సెహామ్. "ఈ మాట నిలబడి వినేది కాదు. పెన్‌డ్రైవ్‌కు గడియారం లేదు. దానిలో రాసే కంప్యూటర్ ఎంతని చెబితే అంతే రాసుకుంటుంది. మీరు పెన్‌డ్రైవ్ అంటోందన్నారే, అది ఏమీ అనలేదు. ఇంకొకరు చెప్పింది అప్పజెప్పింది, అంతే. చెప్పింది ఇలాంటి గంట వెనకున్న మెషీన్ అయితే, నాలుగూ పది ఎంతవుతుంది?"

మేజర్ మళ్లీ తన చేతి గడియారం చూసుకున్నాడు.

"ఐదూ పది," అని ఆమే చెప్పింది. "ఐదూ పదికి ఈయన వీధి చీకటి. చీకట్లో కొట్టులో తయారు చేయలేడు. ఐదూ పదికి ఈ భవనంలో కరెంటు ఉంది. కాపలాదారు డాబా మీద ఉన్నాడు. పళ్ల డాక్టరు దగ్గర్నించి బయల్దేరి ఇరవై నిమిషాలయింది."

"ఇదంతా ఊహ!" మేజర్ ముఖం ఎర్రబడింది. "ఊళ్లో గంట వెనకున్న కంప్యూటర్లు వెయ్యి ఉంటాయి. ఇదే అని ఏమిటి? ఈ ఇంజినీరే ఇక్కడికొచ్చి దీని మీద చేసి ఉండొచ్చుగా? మీరు ఆఫీసులో కూర్చుని లెక్కలు కట్టే మనిషి. నేను పద్దెనిమిదేళ్లు నేరస్థుల మధ్య బతికాను."

"వాళ్ల దగ్గర కూడా ఏమీ నేర్చుకోలేదన్నమాట."

కానిస్టేబుల్ గోడవైపు చూస్తూ దగ్గాడు.

సెహామ్ తన సంచీలోంచి సొంత పెన్‌డ్రైవ్ తీసింది. ఎర్ర దారం కట్టి ఉంది. అదీ బూటబులే, కాకపోతే దేన్నీ చెరపదు. కంప్యూటర్‌ను దాని సొంత విండోస్‌తో కాక దీంతో మేల్కొలిపితే, పాస్‌వర్డ్ ఎవరినీ అడగక్కర్లేదు. లోపలున్నది చదివి, వేలు కూడా పెట్టకుండా బయటికి రావచ్చు. నల్లటి తెర మీద తెల్లని వరసలు పారాయి. ఆమె కళ్లద్దాలు సవరించుకుంది.

"డి డ్రైవ్‌లో నూర్ కంప్యూటర్స్ కాపీ ఉంది. పక్కనే బూటబుల్ చేసే ప్రోగ్రాం." ఆమె గొంతులో హెచ్చుతగ్గులు లేవు, హాజరు పిలుస్తున్నట్టు ఉంది. "ఈ మెషీన్‌లో ఏ పెన్‌డ్రైవ్ ఎప్పుడు గుచ్చినా అది నంబరుతో సహా చిట్టా రాసుకుంటుంది. బుధవారం, నాలుగూ ఎనిమిది. ప్లాస్టిక్ సంచీ మీద రాసిన పెన్‌డ్రైవ్ నంబరు చదవండి మేజర్ గారూ. మెల్లగా."

మేజర్ చదివాడు. పన్నెండు అంకెలు. ఒక్కటీ తేడా లేదు.

సెహామ్ గోడవైపు చూసింది. ఆ గోడ అవతలే మామూన్ బల్ల. నిన్న ఐదూ పది నుంచి ఐదూ ముప్పై ఒకటి దాకా ఇక్కడొకడు ఈ కుర్చీలో కూర్చుని ఆకుపచ్చ గీత నిండడం చూస్తూ ఉన్నాడు. అప్పటికి పక్క గదిలో మనిషి బతికే ఉన్నాడు. కాగితాలు తిప్పుతూనో, దగ్గుతూనో ఉండి ఉంటాడు. ఇరవై ఒక్క నిమిషాల్లో ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు. లేవలేదు.

"అది చేసింది వీడేనని నేనింకా అంటాను," మేజర్ గొణిగాడు. "ఈ గదిలోకి వచ్చి..."

"రెండోది ఉంది," అంది సెహామ్.

"రెండోదేమిటి?"

"రెండో పెన్‌డ్రైవ్. వేరే నంబరు. అది కూడా బూటబులే. ఇవాళ, గురువారం, ఎనిమిదీ ఇరవై. మీ గడియారానికి తొమ్మిదీ ఇరవై." ఆమె కుర్చీ తిప్పింది. "ఇంజినీరు గారు తొమ్మిదీ ఇరవైకి ఎక్కడున్నారు?"

జవాబు కానిస్టేబుల్ ఇచ్చాడు, అడగకపోయినా. "మా లాకప్‌లో మేడం."

"ఈ ఆఫీసుకు సీలు వేసి గుమ్మంలో మనిషిని పెట్టారు కదా. లోపలికెవరు వచ్చారు?"

మేజర్ మెడ దగ్గర బొత్తాం సడలించుకున్నాడు. "మెత్ర్ రుష్దీ. కోర్టు వాయిదా ఉందన్నాడు. ఫైళ్లు కావాలన్నాడు. అరగంట. చదువుకున్నవాడు, పలుకుబడి ఉన్నవాడు... నేనే రానిమ్మన్నాను."

"సీలు మీరే వేసి, మీరే విప్పి, మళ్లీ మీరే వేశారు. కాగితాల్లో రాశారా?"

రాయలేదని అతని ముఖమే చెప్పింది. సెహామ్‌కు అతని మీద అసహ్యం కూడా మిగల్లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇలాంటి పొరపాటు చేస్తే గోడ కుర్చీ వేయించి వదిలేయవచ్చు. ఈయన భుజాల మీద మాత్రం నక్షత్రాలున్నాయి.

"మేడం," బిషోయ్ గొంతు మారింది. "రెండోది ఎందుకు? ఇక్కడున్నది తుడిచేశాడు కదా. ఇంకా ఏముంది తుడవడానికి?"

"అదే నేను మిమ్మల్ని అడగాలి. మామూన్ తన ఫైళ్లకు ఇంకో కాపీ ఎక్కడైనా పెట్టుకున్నాడా?"

బిషోయ్ కళ్లు పెద్దవయ్యాయి. బేడీల చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఇంట్లో. వాళ్ల సొంత ఇంట్లో. రెండేళ్ల కిందట నేనే పెట్టాను. ఇక్కడ రోజంతా రాసింది సాయంత్రానికి అక్కడికి చేరుతుంది. ఆయనకు కరెంటు మీద నమ్మకం లేదు. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకు, నాకు. వైరు లాగుతుంటే నిచ్చెన పట్టుకున్నవాడు రుష్దీ."

సెహామ్ అప్పటికే ఫోన్ తీసింది. మామూన్ ఇంటి నంబరు కేసు కాగితం మొదటి పేజీలోనే ఉంది. ఐదుసార్లు మోగాక అవతల ఒక ఆడగొంతు పలికింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"మేడం ఫౌకియ్యా, నేను న్యాయశాఖ నుంచి. మీ ఇంటికి ఎవరైనా వచ్చారా?"

"రుష్దీ వచ్చాడమ్మా. దేవుడు చల్లగా చూడాలి, కొడుకులాంటివాడు. పోలీసు కారులో దిగాడు. ఆయన గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, ఖననం కాగితాలేవో వెతకాలట. పరామర్శలకని వచ్చేవాళ్లతో నాకు విసుగవుతుందని వీధి తలుపు తాళం వేసి తాళంచెవి తనే పెట్టుకున్నాడు. ఇప్పుడే ఒకటి అడిగాడు... మావారు ఈమధ్య వాడి గురించి నాతో ఏమైనా చెప్పారా అని."

"మీరేమన్నారు?"

"చెప్పారన్నాను. ఏం దాచాలి? ఆఫీసు కాగితాల మీది దొంగ సంతకాల సంగతి అంతా చెప్పారు. అది రుష్దీ పనే అయ్యుంటుందంటే నేనే నమ్మలేదు. అదే మాట వాడితోనూ అన్నాను. ఉండమ్మా, పిలుస్తున్నాడు..."

ఫోన్ పెట్టేసిన చప్పుడు కాలేదు. బల్ల మీద పక్కన పెట్టినట్టుంది. దూరంగా అడుగులు, ఆ తర్వాత ఒక తలుపు మూసుకున్న శబ్దం.

మేజర్ ముఖం సున్నం కొట్టినట్టుంది. "నా కారు..." అన్నాడు. తర్వాత జేబులో వెతికి, కింద ఉన్న స్టేషన్ జీపు తాళంచెవి తీసి ఆమె ముందుకు చాచాడు. "పది నిమిషాల్లో వెళ్లొచ్చు. ఆ ఇల్లు ఏ సందులోనో... వెనక దారి ఏమైనా..."

"వైరు లాగింది ఈయన. ఏ కిటికీ ఎటు తెరుచుకుంటుందో ఈయనకే తెలుసు," అంది సెహామ్, తాళంచెవి వంక చూడకుండానే. "అది కాదు. ముందు ఈయన చేతుల బేడీల తాళంచెవి ఇవ్వండి."